మైకు ఆపే నియమం

మేం నలుగురు తల్లులం. నలుగురివీ మందులకు లొంగని నొప్పులే. ఒకరి నొప్పిని ఇంకొకరి ఒంట్లోకి పంపే చేతి పట్టీలు వచ్చాక పొద్దునపూట ఒకరి నొప్పిని ఇంకొకరు కాసేపు మోస్తున్నాం. అంతసేపూ ఫోన్ కలిపే ఉంటుంది, మోసేవాళ్లు మాత్రం తమ మైకు ఆపేయాలి. వాళ్ల మూలుగు వింటే రెండోవాళ్లకు ఆ కాస్త సుఖమూ దక్కదని పెట్టుకున్న నియమం అది.

ఈరోజు సుఖం నా వంతు. కర్నూలులో మెహజబీన్ తన మోకాళ్ల నొప్పితో పాటు నా నడుంనొప్పీ మోస్తోంది. నేను నేలమీద కూర్చుని మా అమ్మాయి లాస్యకు జడలు వేస్తున్నాను. ఒకటి బిగుతుగా కుదిరింది. రెండోది మొదలుపెట్టగానే ఫోన్‌లోంచి మెహజబీన్ కేక వినబడింది.

"మీద పడొద్దంటే వినవేంరా? పో అవతలికి!"

వెంటనే పిల్లాడి ఏడుపు. మెహజబీన్ మైకు ఆపడం మరిచిపోయింది.

"నా నొప్పి నాకిచ్చెయ్, మెహజబీన్."

"అయ్యో, వినబడిందా అక్కా? వాడికలవాటేలే. నువ్వు జడ కానియ్."

నేను పట్టీ నొక్కి వెనక్కి తీసేసుకున్నాను. నడుం కలుక్కుమంది. చేతిలోని పాయలు జారిపోయాయి.

లాస్య తిరిగి నా మొహం చూసింది. సగం జడతోనే బాల్కనీలోకి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకుంది. నా మోసే వంతు వచ్చినప్పుడు, నేను మైకు ఆపగానే, నా కసుర్లు తప్పించుకోవడానికి అది వెళ్లి కూర్చునే చోటు అదే.