పాముచెవులు

స్టామెన్ పచ్చ బటన్ నొక్కాడో లేదో, పైన దబదబా మోత మొదలైంది. జ్లాతీనా టీచర్ చీపురుకర్రతో నేల బాదుతోంది.

"మొదలెట్టింది మహాతల్లి!" అని పళ్లు నూరాడు స్టామెన్.

రూసే అనే ఊళ్లో ఆ పాత అపార్ట్‌మెంటు కింద గదిలో చెక్క చెక్కే కంప్యూటర్ మిషన్ పెట్టుకున్నాడతను. ఫర్నిచర్ ఫ్యాక్టరీలో ఉద్యోగం మానేసి, ఉన్నదంతా ఊడ్చి దాని మీద పోశాడు. ఈ గది పోతే ఇంకోచోట అద్దె కట్టే తాహతు లేదు. సరిగ్గా ఆ గది పైనే టీచరమ్మ ఇల్లు. పిల్లలకి పియానో నేర్పుతుంది. ఊళ్లో సగం మంది చిన్నప్పుడు ఆవిడ చేత మొట్టికాయలు తిన్నవాళ్లే.

మొదట్లో తప్పు స్టామెన్‌దే, ఒప్పుకోవాలి. ఆ మిషన్‌లో ఉలి తిప్పే మోటారు వేగమంతా డ్రైవు అనే పెట్టె చేతిలో ఉంటుంది. దాన్ని బిగించిన కొత్తలో మోటారు ఈలలేసింది, పిల్లిలా ఏడ్చింది. అప్పుడు పుస్తకం ముందేసుకుని ఒక్కొక్క సెట్టింగే మార్చుకుంటూ వచ్చాడు. మోటారు నాలుగొందల హెర్ట్జులదని డ్రైవుకి చెప్పాడు. మెల్లగా వేగం అందుకునేలా పెట్టాడు. ఆ ఈలని మనిషి చెవికి అందనంత పైకి నెట్టేశాడు. కాళ్లకింద రబ్బరు, చుట్టూ దూది పరిచిన పెట్టె. ఒక్క వైరు దగ్గర మాత్రం పిసినారితనం చేశాడు. మామూలు వైరైతే చుట్టుపక్కల రేడియోల్లాంటివి గీపెడతాయి, డ్రైవు నుంచి మోటారుకి జాలీ చుట్టిన షీల్డ్ వైరు వెయ్యమని అమ్మినవాడు మొత్తుకున్నా వినకుండా, మామూలు ఇంటి వైరే సీలింగు వెంట లాగేశాడు. కరెంటు పారడానికి ఏ వైరైతే ఏం?

ఇప్పుడు మోటారు ఉత్తినే తిరుగుతుంటే, తలుపు అవతల నుంచున్నవాడికి కూడా వినపడదు. అయినా పైన చీపురు ఆగదు.

మెట్ల మీద ఎదురుపడ్డారొకసారి. బాల్కనీల్లో మిరపకాయలు కాలుస్తున్నారు, మెట్లన్నీ ఘాటు.

"ఏం టీచరమ్మా, నేను ఊపిరి పీల్చినా మీకు వినిపిస్తోందా?"

ఆవిడ అతని మూతికేసి గుడ్లురిమి చూసింది. "అది మోతనుకున్నావా? బుర్రలో మేకు దిగుతోంది! పిల్లలు వాయించేది ఒక్క ముక్క వినపడి చావట్లేదు. ఆపు!"

"ఈ ఇంట్లో ఇంకెవరికీ వినపడదే?"

"మీకున్నవి చెవులా, చిల్లులా?"

"మీకున్నది మాత్రం చెవి కాదు, కుళ్లు!"

వ్యవహారం పెన్చో దగ్గరకెళ్లింది. అపార్ట్‌మెంటు పెద్ద ఆయనే. అందర్నీ టీచరమ్మ ఇంట్లోనే కూచోబెట్టాడు. స్టామెన్ తిన్నగా లేచి నుంచున్నాడు.

"ఈవిడ అబద్ధాలకోరు. పరీక్ష పెట్టండి. కింద మా ఆవిడ కలీనా ఉంది. తోచినప్పుడు బటన్ నొక్కుతుంది, తోచినప్పుడు ఆపుతుంది. నొక్కినప్పుడల్లా, ఆపినప్పుడల్లా పెన్చోగారి ఫోన్‌కి మెసేజ్ పెడుతుంది. ఈవిడ గోడకేసి తిరిగి కూచుని, మోత వినపడగానే చెయ్యెత్తాలి, ఆగగానే దించాలి. ఎత్తిందా, రేపే నా సామాను సర్దుకుంటా. లేదా, ఆ చీపురు నాకిచ్చేసి నోర్మూసుకోవాలి."

టీచరమ్మ మొహం పాలిపోయింది. అది చూసి స్టామెన్‌కి కడుపు నిండిపోయింది.

"దొరికావు" అనుకున్నాడు.

ఆవిడ గోడకేసి తిరిగి కూచుంది. గదిలో చీమ చిటుక్కుమంటే ఒట్టు. పెన్చో ఫోన్ సైలెంట్‌లో పెట్టి, దాన్నే చూస్తున్నాడు.

ఉన్నట్టుండి టీచరమ్మ చెయ్యి పైకి లేచింది. అదే క్షణాన పెన్చో చేతిలో తెర వెలిగింది. "నొక్కాను."

చెయ్యి దిగింది. "ఆపాను."

మళ్లీ లేచింది. మళ్లీ దిగింది. మూడోసారి లేచింది. ఒక్కసారీ తప్పలేదు.

"ఓరి నాయనో!" పెన్చో శిలువ గుర్తు వేసుకున్నాడు. "మనిషి చెవులు కావివి, పాముచెవులు! మీరే గెలిచారు టీచర్, లేవండి."

కింద కలీనా ఇంకా డ్రైవు ఆపలేదు. టీచరమ్మ చెయ్యి దించలేదు, వెనక్కి తిరగలేదు.

"గెలిచినావిడ టెక్కు చూడు" అని ఎవరో గొణిగారు. పెన్చో వెళ్లి భుజం తట్టాక గానీ ఇటు తిరగలేదు మనిషి.

స్టామెన్‌కి ఒళ్లు భగ్గుమంది. అయినా తమాయించుకుని ఆవిడ ఎదురుగా వచ్చి నుంచున్నాడు.

"ఒక్కమాట చెప్పండి. ఏ మోత? ఎక్కణ్ణించి? పెట్టె మార్చమంటే మారుస్తా. వైరు మార్చమంటే మారుస్తా. ఇదే నా బతుకు. ఏం చెయ్యమంటారో చెప్పి చావండి!"

జ్లాతీనా టీచర్ పెదవి విప్పబోయింది. చుట్టూ ఉన్నవాళ్లని చూసింది. ఆ గుంపులో ఆవిడ దగ్గరకి పిల్లల్ని పంపేవాళ్లే ఎక్కువ.

"నా చెవుల సంగతి నీకనవసరం" అంది. "గది ఖాళీ చెయ్యి."

"మీ నోట మన్నుపడ!" అనేసి తలుపు ధడేల్మని వేసి పోయాడు స్టామెన్.

పెన్చో అక్కడికక్కడే మనవరాల్ని ఆవిడ దగ్గర చేర్పించాడు. ఇలాంటి చెవులున్న గురువు దొరకొద్దూ మరి!

మర్నాడు స్టామెన్ సామాను లారీ మలుపు తిరిగేదాకా కిటికీలోంచి చూసి, తలుపు గడియ పెట్టుకుని, ఆ డ్రైవు ఆన్ అయినప్పుడల్లా కూతలు పెట్టి ప్రాణం తోడేసిన వినికిడి మిషన్లు రెండింటినీ జుట్టు కిందనుంచి తీసి పియానో మీద పెట్టింది జ్లాతీనా టీచర్.