ఎవరూ తొక్కని చోటు

ఈ మంచుకొండ మీద నేల తానే మాట్లాడుతుంది. తడెంతో, ఏ పువ్వు విచ్చిందో రోజూ పొద్దున్నే గోడ మీది పెట్టెలోంచి మన భాషలోనే చెబుతుంది. డెబ్భై ఏళ్ళుగా రాసుకుంటున్న లెక్క అది. ఆ లెక్క చెడకూడదని అన్నేళ్ళూ ఏడో మడిలో మనిషి కాలు పెట్టలేదు. దానికి కాపలా మా ఆయన తవిటయ్య.

ఈ పొద్దున, "ఏడో మడిలో ఉప్పు పడింది. ఎవరు వేశారు?" అంది నేల.

వేసింది నేనే. నిన్న పాపకు ఒళ్ళు కాలిపోతుంటే ఉప్పుతో దిష్టి తీశాను. దాన్ని ఎవరూ తొక్కని చోట పారెయ్యాలి కదా! ఏడో మడి కంచె అవతలికి విసిరాను.

"కొండకి మేపుకొచ్చే గొర్రెలోళ్ళు ఏసినారని సెప్పీ. నేకపోతే రేపే మనల్ని కొండ దించేత్తారు," గుసగుసలాడాడు మా ఆయన.

"ఆళ్ళ మీదికి తోసీమంటావేటి మావా? పాపని ఒళ్ళో ఎట్టుకొనా?"

పెట్టె దగ్గరికెళ్ళి ఉన్నదంతా చెప్పేశాను. పాప ఒళ్ళో మూలుగుతూనే ఉంది.

"ఉప్పు. కారణం: తల్లి," అని లెక్కలో రాసుకుంది నేల. "అది మట్టిలోంచి పోయేదాకా ఈ ఇంటివాళ్ళు కొండ దిగకూడదు. పాప జ్వరం ఎంతుందో రోజూ చెప్పాలి, ఇకమీద అదీ లెక్కలోదే."

"ఉప్పు పోవడానికి ఎన్నేళ్ళు పడుతుంది?" అడిగాను.

"తెలీదు. ఇదివరకు ఎవరూ వెయ్యలేదు."