సీ లోంచి డీ లోకి

“మళ్లీ ఆగిపోయిందండీ! ముప్పై టికెట్లు దాటి కదలనంటోంది.” ఫోన్లో యేసుదాసు మొత్తుకున్నాడు.

ఆయన నల్లజర్లలో ఓ జూనియర్ కాలేజీ హెడ్ క్లర్కు. తెల్లారితే ప్రీఫైనల్ పరీక్షలు, నాలుగువందల హాల్ టికెట్లు అచ్చవ్వాలి. ఆ ప్రోగ్రాం రాసింది ఏలూరు పవర్‌పేటలో కొత్తగా కంప్యూటర్ సర్వీసు పెట్టిన హర్షిణి. సాయంత్రంలోగా టికెట్లు రాకపోతే మళ్లీ టైపు మిషనే గతి అని ప్రిన్సిపాల్ తేల్చి చెప్పేశాడు. ఆమెకు దొరికిన మొదటి కాలేజీ అదే. అది చేజారితే రెండోది గడప తొక్కనివ్వదు.

అయినా హర్షిణి కంగారుపడలేదు. రోగం ఆమెకు తెలుసు. మెమరీ చాలనప్పుడు కంప్యూటర్ కొంత సరుకును హార్డ్ డిస్క్‌లో ‘పేజీ ఫైల్’ అనేచోట దాచుకుంటుంది. డిస్క్‌లో సీ, డీ అని రెండు అరలుంటాయి; ఆ ఫైల్ ఉన్న అర ఇరుకైతే మొరాయిస్తుంది. అంతే కదా!

“పేజీ ఫైల్ మార్చాలండీ. సీ లోనే ఉందా?”

“పేజీల ఫైలాండీ? సీ లోనే ఉందండీ.”

“సీ నిండిపోయుంటుంది.”

“కిక్కిరిసిపోయిందండీ!”

“డీ ఖాళీయేగా? అందులోకి మార్చేయండి. సైజు రెట్టింపు పెట్టండి.”

“రెట్టింపుదే పెడతానండీ. ఒక్క నిమిషం.”

అవతల ఏదో కిర్రుమంది. కుర్చీ జరుపుకుంటున్నాడనుకుంది.

“అయిపోయిందండీ!”

“ఇప్పుడు మిషన్ ఆపేసి మళ్లీ ఆన్ చేయండి.”

అరగంటకి మళ్లీ ఫోను. “ఆగకుండా వచ్చేస్తున్నాయండీ! మీ చేతి చలవ మామూలుది కాదు!”

హర్షిణి గర్వంగా నవ్వుకుంది. అందులో అనుమానమేముంది?

మర్నాడు నల్లజర్ల వెళితే ప్రిన్సిపాల్ స్వయంగా కాఫీ తెప్పించాడు. “ఏలూరులో కూర్చుని ఇక్కడి మిషన్ బాగుచేశారే! ఇకనుంచి కాలేజీ పనులన్నీ మీ ప్రోగ్రాంలోనేనండీ.”

ఆమెకు కాళ్లు నేలమీద ఆనలేదు. “నాదేముందండీ? నేను చెప్పింది చెప్పినట్టు చేసింది యేసుదాసు గారే. ఏవండీ, ఏం మార్చారో సార్‌కి ఓసారి చూపించండి.”

“రండి సార్, చూద్దురుగాని.”

యేసుదాసు కంప్యూటర్ని దాటుకుని వెళ్లి, కిక్కిరిసిన ‘సీ’ బీరువా పక్కన ‘డీ’ అని రాసున్న బీరువా కిర్రుమని తెరిచి, రెట్టింపు లావున్న కాయితాల ఫైలు బయటికి తీశాడు.