మూడు రంధ్రాలు

"మెషీన్లు బాగుచేసే ఆయన ఉన్నారామ్మా?"

కిటికీ అవతలి మనిషి ఆయాసపడుతున్నాడు. అరవై దాటి ఉంటాయి. ఒక పాత కంప్యూటరు పెట్టెను పసిబిడ్డలా రెండు చేతులతో పొదివి పట్టుకున్నాడు. ఆ ఆసుపత్రిలో లిఫ్టు రోగులకు మాత్రమే. మూడంతస్తులూ మోసుకునే ఎక్కి వచ్చినట్టున్నాడు.

ఆమె తలెత్తలేదు.

అక్కడ మెషీన్లు బాగుచేసేది ఆమే. పదకొండేళ్ళుగా చేస్తోంది. ఆ పదకొండేళ్ళుగా వచ్చిన ప్రతివాళ్ళూ ఆమెనే అడుగుతారు, 'ఆయన' ఎక్కడ అని. మొదట్లో ఒళ్ళు మండేది. తరవాత విడమరిచి చెప్పేది. ఇప్పుడు రెండూ మానేసింది.

"ఆయనెవరూ లేరండీ."

"ఎప్పుడొస్తారు?"

"చెప్పలేను. ఏం పని?"

"ఈ కంప్యూటరు ఆయనకి అందాలమ్మా."

"తలుపు పక్కన బల్ల ఉంది కదా, దాని మీద పెట్టి వెళ్ళండి."

"అక్కడ పెడితే చేరుతుందా?"

"చేరుతుందండీ. నేను చూసుకుంటాను."

ఆ బల్ల మీదికి చేరినవన్నీ తుక్కుకే పోతాయని బయటివాళ్ళకు తెలియదు. ఇంట్లో అడ్డమైన పాత కంప్యూటర్లను ఆసుపత్రికి దానమిచ్చి పుణ్యం కట్టుకునేవాళ్ళు వారానికి ఇద్దరైనా వస్తారు. వాళ్ళ మనసు నొప్పించడం ఎందుకని ఎవరూ చెప్పరు.

"ఇందులో ఒక..." అంటూ ఆయన ఏదో చెప్పబోయాడు.

ఫోను మోగింది. పిల్లల వార్డు హెడ్ నర్సు.

"నాలుగో నంబరు మాటేమిటి? ఒక్క వార్మరులో ఇద్దరేసి పిల్లల్ని పడుకోబెడుతున్నాను. ఒకరికి జ్వరమొస్తే రెండోవాళ్ళ గతేంటి? నా వల్ల కాదు తల్లీ."

"రేపు చూస్తానక్కా."

"నీ రేపు వారం నుంచీ నడుస్తూనే ఉంది."

ఆమె ఫోను పెట్టేసేసరికి కిటికీ ఖాళీగా ఉంది.

నెలలు నిండకుండా పుట్టిన పిల్లలను వెచ్చగా ఉంచే వార్మర్లు ఆ వార్డులో ఏడు ఉన్నాయి. వాటిని తయారుచేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. నాలుగోదాని చిప్‌లో ప్రోగ్రాం చెరిగిపోయింది. ఆ ప్రోగ్రామూ, దాన్ని చిప్‌లోకి ఎక్కించే సాఫ్ట్‌వేరూ ఉన్న కంప్యూటరు కిందటి వారమే కాలిపోయింది. చిప్ కంపెనీ సైటులో వెతికితే, పాత చిప్‌లకు ఇక సపోర్టు లేదనీ, ఇన్నాళ్ళూ ఆదరించినందుకు కృతజ్ఞతలనీ ఉంది. కొత్త సాఫ్ట్‌వేరు కంటికి ఆ పాత చిప్ ఆననే లేదు.

ఆమె దాన్ని నలభైసార్లు ప్రయత్నించి ఉంటుంది. చివరికి ఏడుపు కూడా రాలేదు. వేళ్ళు వాటంతటవే మీటలు నొక్కుతున్నాయి.

మిగిలిన దిక్కు ఒక్కటే. ఇలాంటి పాత చిప్‌లతో తంటాలు పడేవాళ్ళ ఫోరం ఇంటర్నెట్‌లో ఒకటుంది. అందులో 'ముసలి చిప్' అనే ఆయన ఎవరేం అడిగినా విసుక్కోకుండా చెబుతాడు. ఆయన పేరేమిటో, ఎక్కడుంటాడో ఎవరికీ తెలియదు. మూడేళ్ళుగా ఆమెను ఎన్నో గండాలు గట్టెక్కించాడు. ఈసారి కూడా, ఏ ఆసుపత్రో ఏ వార్మరో అంతా రాసి, ఆయన్నే అడిగింది.

"నా దగ్గర ఉంది. శుక్రవారంలోగా నీకు అందుతుంది" అని రాశాడు. అంతే.

లింకు వస్తుందని ఆమె పూటకు పదిసార్లు ఫోరం తెరిచి చూస్తోంది.

శుక్రవారం వచ్చింది. లింకు రాలేదు.

శుక్రవారం అక్కడ డ్రిల్లు రోజు. రోగుల వివరాలు బయటికి పొక్కకూడదని తుక్కుకు వెళ్ళే ప్రతి డిస్కుకూ మూడు రంధ్రాలు పెట్టాలి. ఎవరిదైనా సరే, అడగడాలూ చూడడాలూ లేవు. అటెండరు బల్ల మీది కంప్యూటర్లు విప్పి, డిస్కులు తీసి ఆమె ముందు పేర్చాడు. తొమ్మిది.

ఐదోదాని మీద తెల్లకాగితం అంటించి ఉంది. 'దయచేసి చెరపవద్దు.'

"మేడమ్, ఇది చెరపొద్దంట" అన్నాడు అటెండరు.

"చెరపట్లేదుగా. రంధ్రాలు పెడుతున్నాను" అందామె.

ఇద్దరూ నవ్వారు. ఆ వారమంతటిలో ఆమె నవ్వింది అప్పుడే.

పని అయ్యాక బల్ల తుడిచి, మళ్ళీ ఫోరం తెరిచింది. ముసలి చిప్ దగ్గర నుంచి ఉత్తరం వచ్చి ఉంది.

'తమ్ముడూ' అని మొదలైంది. ఆయన మొదటి రోజు నుంచీ అలాగే పిలుస్తాడు. ఆమె ఎప్పుడూ దిద్దలేదు. ఇక్కడైనా ఆ గొడవ లేకుండా పని జరుగుతోంది కదా అనుకుంది.

'తమ్ముడూ, ఫైలు పంపితే పనిచెయ్యదు. దాని లైసెన్సు ఆ డిస్కుకే ముడిపడి ఉంటుంది. అందుకే నిన్న కంప్యూటరే మోసుకొచ్చాను. మీ వార్మర్లకి ప్రోగ్రాం రాసింది నేనే. కంపెనీ మూసేసిన రోజు బతిమాలి ఆ డబ్బా తెచ్చుకున్నాను. ఇంకెక్కడా లేదు, జాగ్రత్త. నాలుగో నంబరు లేవగానే ఒక్క మాట రాయి, సంతోషిస్తాను.'

ఫోను మోగింది. హెడ్ నర్సు నంబరు. మోగి మోగి ఆగిపోయింది.

ఆమెకు ఏమీ అనిపించలేదు. గోళ్ళ సందుల్లో లోహపు పొడి మెరుస్తోంది. దాన్నే కాసేపు చూసి, మిగిలిన ఒక్క వాక్యమూ చదివింది.

'నువ్వు లేవన్నారు, అందుకని కిటికీ దగ్గర కూర్చునే అమ్మాయికి అప్పగించి వచ్చాను. మనిషి కాస్త ముభావమే గానీ, నేను చూసుకుంటానంది, మాట తప్పే పిల్లలా లేదు.'