ఈస్టర్ దాకా ఆపిన నవ్వు

పాస్టర్ శామ్యూల్ రాజ్ గారు సిలువ శ్రమల వాక్యం చదువుతుండగా పైనుంచి జనం గొల్లున నవ్వారు.

ప్రార్థనకు కూర్చున్న ఆడవాళ్లంతా కళ్లు తెరిచి సౌభాగ్యమ్మ వంక చూశారు. ఆవిడకు తల కొట్టేసినట్టయింది.

నిజానికి పైన జనమెవరూ లేరు. ఉన్నది ఒక్క మత్తయి. ఈమధ్యే చిలకలపూడిలోని ఆవిడ ఇంటి మేడగది అద్దెకు తీసుకున్న ముసలాయన. ఆయన ఆస్తల్లా ఒక పాత టేప్‌రికార్డరు, ఒకే ఒక్క క్యాసెట్టు. ఎప్పుడో లండన్ రేడియోలో వచ్చిన హాస్యనాటిక అది. రోజూ నాలుగింటికి అదే నాటిక, అవే నవ్వులు.

గదిలో దిగిన రోజు ఆయన సుందరరాజుగారిని ఒకసారి చూస్తానన్నాడు.

సుందరరాజు సౌభాగ్యమ్మ భర్త. పక్షవాతమొచ్చి మంచానపడ్డాడు. మాట పడిపోయింది. మత్తయి ఆ మంచం పక్కన చాలాసేపు నిలబడ్డాడు.

"సారుతో మాట్లాడాలమ్మా. మాటొచ్చాక చెప్తాలెండి" అన్నాడు.

మాటొస్తుందన్న ఆశతోనే సౌభాగ్యమ్మ కూడా బతుకుతోంది. నర్సుగా చేసి రిటైరైన మనిషి, మందుల సంగతి ఆవిడకి ఒకరు చెప్పక్కర్లేదు. ఆయన నోట ఒక్క మాట వినిపించు దేవా అన్నదొక్కటే ఆవిడ ప్రార్థన. రోజూ నాలుగు కొట్టేసరికి, నిద్ర చెడకుండా ఆయన చెవుల్లో దూది పెట్టేది.

ఆవేళ ప్రార్థన అవగానే విసురుగా మెట్లెక్కింది. మత్తయి తలుపు దగ్గరికొచ్చాడు.

"ఏవండీ, శ్రమల దినాల్లో ఈ పకపకలేంటండీ? ఈ నలభై రోజులూ మా ఇంట్లో టీవీ కూడా పెట్టం. పైగా కింద జబ్బుమనిషి. ఆయన నిద్రపోవాలా వద్దా?"

"నిద్రపోకూడదనేనమ్మా" మెల్లగా అన్నాడు మత్తయి.

"ఏంటీ?"

"ఏం లేదండీ. మంచి కథమ్మా ఇది. ఓ కెప్టెన్ ఓడ పోగొట్టుకుని ఏడుస్తూ పోలీస్ స్టేషన్‌కొస్తాడు. 'జేబులన్నీ వెతుక్కున్నావా?' అంటాడు పోలీసు."

సౌభాగ్యమ్మకు నవ్వు రానే వచ్చింది. శ్రమల దినాలని గుర్తొచ్చి మింగేసింది.

"ఈస్టర్ దాకా ఆపండి. ఆ తర్వాత మీ ఇష్టం."

"అలాగేనమ్మా" అని లోపలికెళ్లి ఆపేశాడు. మళ్లీ పెట్టలేదు.

ఈస్టర్‌కి వారం ముందు, మట్టల ఆదివారం నాడు మత్తయి గుడికి రాలేదు. వెళ్లి చూస్తే, నిద్రలోనే పోయాడు.

నా అన్నవాళ్లెవరూ రాలేదు. సంఘంవాళ్లే సమాధి చేశారు.

ఈస్టర్ తెల్లవారుజామున అందరూ సమాధుల దగ్గర కొవ్వొత్తులు వెలిగించారు. సౌభాగ్యమ్మ ఒకటి గోడ వారగా, ఖాళీ జాగాలో వెలిగించింది. అది సమాధి లేనివాడికి. దివిసీమ ఉప్పెనలో, చిన్నపిల్లాడైన సుందరరాజుని ఎవరో కుర్రాడు తన ఒంటిమీదున్న లుంగీ విప్పి తాటిచెట్టు పైన కట్టేశాడు. తెల్లారి చూస్తే ఆ కుర్రాడు లేడు. పేరైనా తెలీదు. ఏటా గుడిలో సాక్ష్యం చెప్పేటప్పుడు సుందరరాజు ఇంతవరకే చెప్పేవాడు. ఆ కొవ్వొత్తి మాత్రం మానకుండా వెలిగించేవాడు. ఈ ఏడు ఆ పని ఆవిడ మీద పడింది.

ఇంకో కొవ్వొత్తి మిగిలింది. పాపం, ఆయనకి మాత్రం ఎవరున్నారని, దాన్ని మత్తయి సమాధి మీద పెట్టింది.

ఇంటికొచ్చి మేడగది సర్దబోయింది. టేప్‌రికార్డరు నేలమీద బోర్లించి ఉంది, సరిగ్గా కింద సుందరరాజు మంచం ఉన్నచోట. బల్ల ఖాళీగానే ఉంది.

సౌభాగ్యమ్మ వంగి, నేలకి ఆనించి ఉన్న స్పీకరు తడిమి చూసింది. రోజూ ఎవరికి వినిపించాలని పెట్టాడో అప్పుడర్థమైంది. ఎందుకో మాత్రం అర్థంకాలేదు. టేప్‌రికార్డరు కిందికి తెచ్చి, భర్త తలాపున పెట్టి మీట నొక్కింది.

ఈవేళ చెవుల్లో దూది లేదు.

ఇంగ్లీషు గొంతులు మొదలయ్యాయి. కెప్టెన్ వెక్కివెక్కి ఏడ్చాడు. పోలీసు గొంతు సవరించుకున్నాడు.

"జే... జేబులన్నీ... వెతుక్కున్నావా?"

పోలీసు కాదు. సుందరరాజు. తెలుగులో.

టేపులో జనం గొల్లున నవ్వారు. ఆయన వంకరపోయిన పెదవి కూడా నవ్వింది. ఇన్నాళ్లకు ఆ గొంతు విని సౌభాగ్యమ్మ భోరుమంది.

"దేవా! ఈ మాట మీకెలా తెలుసండీ? ఎవరు చెప్పారు?"

ఆయన బాగున్న చేత్తో ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు. కళ్లు గుమ్మంలో ఎవరికోసమో వెతుకుతున్నాయి.

"ఇది పెట్టినోణ్ణి... పిలు. వాడే... తాటిచెట్టు మీద నన్ను నిద్రపోనివ్వకుండా... తెల్లార్లూ ఈ కథే చెప్పి నవ్వించాడు."