రెండు టీసీలు

"ఆ పిల్లకు టీసీ ఇచ్చి పంపుండ్రి సార్," అన్నాడు బియ్యం వ్యాపారి విశ్వేశ్వర్.

పదో తరగతి చదివే తన కూతురికి అదే తరగతి అమ్మాయి రాసిన ప్రేమలేఖను హెడ్మాస్టర్ రాజేశం ముందు టేబుల్ మీద పెట్టాడు. పరీక్షలకు పద్దెనిమిది రోజులున్నాయి.

రాజేశం ఉత్తరం చదివి, అక్కడే ఉన్న పదో తరగతి లెక్కల టీచర్ చంద్రకళను అడిగాడు. "మీరేమంటరు మేడం?"

"ఇయ్యొద్దు సార్. పిల్ల ఏ తప్పు చెయ్యలే."

"ఇసొంటియి మీకేం తెలుసు టీచరమ్మా?" అన్నాడు విశ్వేశ్వర్.

తనతో ఒకే ఇంట్లో ఉండే నర్సు సుగుణను చంద్రకళ ఇన్నాళ్లూ పటాన్‌చెరులో అందరికీ అక్క అనే చెప్పుకుంది. ఉద్యోగం పోతుందని తెలిసే ఇప్పుడు నోరు విప్పింది.

"తెలుసు. సుగుణ నాకు అక్క కాదు. పన్నెండేండ్ల సంది ఆలుమగల లెక్కనే బతుకుతున్నం."

"ఇన్నరా సార్? ఈమెకు సుత టీసీ ఇయ్యుండ్రి."

"టీచర్లకు టీసీలు ఉండయ్," అన్నాడు రాజేశం. "గా సంగతి నాకు ఆరేండ్ల కిందనే ఎరుక. మేడం పీఎఫ్ ఫారంల నామినీ సుగుణ అని రాసి, చుట్టరికం కాడ అక్క అని రాయకుంట ఖాళీ ఇడిసిన్రు. సంతకం పెట్టింది నేనే."

ఆరేళ్లుగా తాను ఎవరి దగ్గర దాస్తున్నట్టో చంద్రకళకు అర్థం కాలేదు.

"బెల్లు కొట్టి ఐదు నిమిషాలైంది మేడం," అన్నాడు రాజేశం. "పిల్లలిద్దరూ క్లాసులనే ఉన్నరు. పోయి లెక్కలు చెప్పుండ్రి."