ఆగిన ఆపరేషన్

చెంగల్రాయలు మాత్రను చేతిలోకి తీసి చూసుకున్నాడు. మింగలేదు. జేబులో వేసుకున్నాడు.

గుడియాత్తంలో చిన్న నర్సింగ్ హోమ్. తెల్లారితే ఆయనకు హెర్నియా ఆపరేషన్.

బెంచీ చివర కూర్చున్న ఆడమనిషి అది చూసింది.

"ఏం మాత్రప్పా అది?"

"గుండెది. శివరాత్రప్పుడు వేలూరులో గుండె నరంలో స్టెంటని స్ప్రింగు పెట్టినారు. ఇది మింగితే నెత్తురు పలచనవుతాది. రేపు ఎక్కువ కారతాదని నేనే నిలిపేసినా."

"ఈడ డాక్టరు అడగలేదా?"

"అడిగినాడు. గుండెకేమీ లేదన్నా."

"ఎందుకప్పా అట్ల?"

"ఊరికే ఉండమ్మా. ఏడాది నిండేదాకా ఇంకో ఆపరేషన్ వద్దని వేలూరులో చెప్పినారు. నాది లుంగీల అంగడి. కట్ట ఎత్తితే పేగు జారతాది. ఇంట్లో చెంబుడు నీళ్లిచ్చే దిక్కు లేదు. ఏడాది యాడ ఆగేది?"

ఆమె లేచి తిన్నగా నర్సు సుగంతి దగ్గరకు వెళ్లి, చెంగల్రాయలు వైపు చేయి చూపింది.

"మా ఆయనకు గుండెలో స్ప్రింగు ఉండాది. దాచిపెట్టినాడు. మాత్ర కూడా నిలిపేసినాడు."

సుగంతి ఆమె ముఖం వంక చూసి, వెంటనే ఫోనెత్తింది.

డాక్టరు పరుగున వచ్చాడు.

"మాత్ర నిలిపితే స్ప్రింగులో నెత్తురు గడ్డకడతాది. మింగితే కోసినచోట ఆగదు. ఏడాది నిండినాక రాండి."

దగ్గరుండి మాత్ర మింగించి పంపేశాడు.

వాకిట్లో చెంగల్రాయలు ఆమెను నిలదీశాడు.

"ఎవరికమ్మా నేను మొగుడు? నా పెండ్లాం పోయి మూడేండ్లు. నడుమ నువ్వెవరు?"

ఆమె తల వంచుకుంది.

"పోయి కొంచెం అన్నం తినప్పా," అంది. మళ్లీ లోపలికి వెళ్లి అదే బెంచీ మీద కూర్చుంది.

ఏడాది నిండింది. వేలూరు గుండె డాక్టరు సరేనన్నాక, అదే నర్సింగ్ హోమ్‌లో ఆపరేషన్ సుఖంగా జరిగింది.

వార్డులో ప్రతి మంచం పక్కనా ఎవరో ఒకరున్నారు. చెంగల్రాయలు దిండు సుగంతే సర్దింది.

"అప్పుడు నన్ను పట్టిచ్చిందే, ఆమె యాడుండాదమ్మా? ఒక మంచి మాట చెప్పల్ల."

"పుష్పవల్లి ఆమె పేరు. నాట్రంపల్లిలో ఇల్లు ఖాళీ చేసి పోయిందంటయ్యా. యాడికో తెలీదు."

"ఆ పొద్దు ఎవరికోసం వచ్చినాది?"

సుగంతి దుప్పటి కప్పింది.

"వాళ్లాయన కూడా నీ మాదిరే స్ప్రింగు సంగతి దాచిపెట్టి ఆపరేషన్ చేయించుకోని, ఆ తెల్లారుజామున ఈడనే పోయినాడయ్యా, నువ్వు తిట్టిన పొద్దు శవం బండి కోసం ఆమె కాచుకోని ఉండింది."